ఆపే బలం, చూపే బలం

2011 సెప్టెంబర్ 13న ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు డిపో గేటు దాటలేదు. సింగరేణిలో బొగ్గు ఉత్పత్తి పడిపోయి కరెంటు కోతలు పెరిగాయి. బడులు మూతపడ్డాయి, ఆఫీసుల్లో ఫైళ్లు కదల్లేదు. 42 రోజులు అలా నడిచింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2019 అక్టోబర్ 5న, అవే డిపోల్లోని కార్మికులు మళ్లీ సమ్మెకు దిగారు. ఈసారి సొంత రాష్ట్రంలో, ఒకప్పుడు తమతో కలిసి రోడ్డెక్కిన పార్టీ ప్రభుత్వం మీదే. సుమారు 48 వేల మంది యాభై రోజులకు పైగా విధులకు దూరంగా ఉన్నారు. కానీ తాత్కాలిక డ్రైవర్లను పెట్టి, ప్రైవేటు బస్సులను తెచ్చి ప్రభుత్వం ఎన్నో కొన్ని సర్వీసులు తిప్పింది. హైదరాబాద్‌లో అప్పటికి మెట్రో ఉంది, ఓలా, ఊబర్‌లు ఉన్నాయి, షేర్ ఆటోలు సరేసరి. జనం ఇబ్బంది పడ్డారు గానీ రాష్ట్రం ఆగలేదు. సమ్మెలో ఉన్నవాళ్లు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయిపోయారని ముఖ్యమంత్రి ప్రకటించారు. ప్రభుత్వంలో విలీనం అన్న ప్రధాన డిమాండ్ నెరవేరకుండానే కార్మికులు డ్యూటీలకు వెళ్లాల్సి వచ్చింది. (2023లో, ఎన్నికలకు కొద్ది నెలల ముందు, అదే ప్రభుత్వం తనంతట తానే విలీనం బిల్లు తెచ్చింది. అది సమ్మె పుణ్యమా, ఎన్నికల పుణ్యమా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.)

నాయకుల తొందరపాటు, సంఘాల మధ్య విభేదాలు, కార్మికులను జనం పట్టించుకోకపోవడం లాంటి కారణాలు అప్పట్లో చాలా వినిపించాయి. అవీ కొంత నిజమే కావచ్చు. కానీ అంతకన్నా పెద్ద విషయం, సమ్మె అనే ఆయుధానికే పదును తగ్గిపోవడం. 2011లో బస్సుతో పాటు బొగ్గు, బడి, ఆఫీసు అన్నీ ఆగాయి. 2019లో బస్సు ఒక్కటే ఆగింది, దాని చోట తిరగడానికి వేరే బండ్లు సిద్ధంగా ఉన్నాయి.

ఉద్యమాలకు ఉండే బలాన్ని స్థూలంగా రెండుగా చూడొచ్చు. ఒకటి ఆపే బలం. ఎదుటివాడికి అవసరమైన పనిని, సరుకును, ఆదాయాన్ని నిలిపేయగలగడం. రెండోది చూపే బలం. ఒక అన్యాయాన్ని దానితో సంబంధం లేని వేలమంది కళ్లముందు పెట్టి, అధికారంలో ఉన్నవాళ్లను సంజాయిషీ చెప్పుకునే స్థితికి తేగలగడం. గత మూడు దశాబ్దాల్లో తెలుగు నేల మీద మొదటిది తరుగుతూ, రెండోది పెరుగుతూ వచ్చింది. ఇప్పటి కుర్రాళ్లకు పోరాట స్ఫూర్తి లేదు, అంతా ఫోన్లోనే అని పాతతరం పెద్దలు వేసే నిందకు ఈ లెక్క తెలియదు. స్ఫూర్తికి కరువేం రాలేదు. ఆపడానికి వీలైన చోట్లే తగ్గాయి.

పాత రోజుల్లో ఎదుటివాడు ఊళ్లోనే ఉండేవాడు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసిన తూటా విసునూరు దేశ్‌ముఖ్‌ మనుషులది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పొలం మీద కన్నేసిందీ ఆ దేశ్‌ముఖే. వెట్టి చేసే మనిషి చెయ్యనంటే గడీలో పని ఆగుతుంది. ఆంధ్ర మహాసభ సంఘం మనుషులు కాపలాగా నిలబడి పంట కోసి ఐలమ్మ ఇంటికి చేరిస్తే దొర ఓడిపోయినట్టు ఊరంతటికీ తెలుస్తుంది. ఎవరిని ఎదిరించాలి, ఏది ఆపాలి అనే ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాల్సిన పనే లేదు.

ఇలా ఆపే బలంతో ఊళ్ల నుంచే గెలిచిన పెద్ద ఉద్యమాల్లో దాదాపు చివరిది నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం. 1980లలో సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చే ఏర్పాటును ప్రభుత్వమే చేసింది. 1991లో నెల్లూరులో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలై రాత్రిబడులు వచ్చాయి. చదువు ఎంత వచ్చిందో గానీ, పగలంతా కూలికి పోయే ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేళ దొరికింది. దూబగుంటలో మహిళలు సారా కొట్టు మూయించిన సంగతి వాచకంలో పాఠంగా వచ్చేసరికి, వాళ్లు చేసింది మనమెందుకు చెయ్యకూడదు అని మిగతా ఊళ్లు లేచాయి. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని కొట్ల మీదికి వెళ్లారు, ప్యాకెట్లు తగలబెట్టారు.

అంతకన్నా కీలకమైన పని వాళ్లు వేలంపాటల దగ్గర చేశారు. సారా దుకాణాల హక్కులను ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాట ఒకచోట, ఒక రోజున జరుగుతుంది, పాడేది కొద్దిమంది కాంట్రాక్టర్లు. మహిళలు ఆ చోటునే చుట్టుముట్టారు. పాట వాయిదా పడింది, మళ్లీ పడింది. ఖజానాకు రావాల్సిన డబ్బు రావడం మానేసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఎన్టీఆర్ ఎన్నికల వాగ్దానంగా ఇచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1995లో అమల్లోకి వచ్చింది, 1997లో సడలిపోయింది.

1997లో ఆ మహిళలు మళ్లీ ఎందుకు లేవలేదు అని చాలామంది అడుగుతారు. అలసిపోయారన్నది అందులో సగం జవాబే. ఆపాల్సిన చోటు మాయమైపోయింది. ఇప్పుడు ఊళ్లో మందు అమ్మేది బెల్టు షాపు. దానికి లైసెన్సు లేదు, అంటే కాగితాల్లో అది లేనే లేదు. ఒక కిరాణా కొట్టులో మూయిస్తే పక్క వీధి ఫ్రిజ్‌లో తెరుచుకుంటుంది. అసలు దుకాణాల లైసెన్సులు దరఖాస్తులు, లాటరీల ద్వారా వెళ్తున్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వానికి దుకాణాలు ఇవ్వకముందే, తిరిగివ్వక్కర్లేని దరఖాస్తు రుసుముల రూపంలో 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. లక్షకు పైగా దరఖాస్తులు పడ్డ చోట చీపురు ఎవరి మీద ఎత్తాలి? ఇంకో మార్పు కూడా జరిగింది. సారా ఉద్యమంలో తయారైన కలయికనే ప్రభుత్వం పొదుపు సంఘాలుగా మలిచింది. వాటివల్ల ఆడవాళ్ల చేతికి అప్పు పుట్టింది, బ్యాంకు గడప తెలిసింది, ఈ మేలును తక్కువ చేయలేం. కానీ ఆ సమావేశంలో ఇప్పుడు మాట్లాడేది వాయిదాల గురించి. హాజరుపట్టీ అధికారుల దగ్గరుంటుంది. రాత్రిబడిలో దొరికిన ఆ ఖాళీ వేళ ఇందులో లేదు.

ఎదుటివాడు దూరం జరగడం ఎలా ఉంటుందో విశాఖ ఉక్కు కథలో ఇంకా బాగా కనిపిస్తుంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదంతో అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు, రాష్ట్రమంతటా జరిగిన ఆందోళనల్లో 32 మంది ప్రాణాలు పోయాయి, 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం దాన్ని అమ్మేయాలని నిర్ణయించగానే అదే నినాదం మళ్లీ గోడలెక్కింది, కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. ఇక్కడే చిక్కు. నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీలో కార్మికులు సమ్మె చేస్తే ఎవరికి నష్టం? నష్టాలు చూపించి అమ్ముతామంటున్న వాళ్ల వాదనకే అది బలమిస్తుంది. అందుకే అక్కడి కార్మికులు ఉత్పత్తి ఆపడం కంటే టెంటులో కూర్చోవడాన్నే ఎక్కువగా నమ్ముకున్నారు. ఏళ్ల తరబడి సాగిన ఆ దీక్షల తర్వాత 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద గొడవ మాత్రం ఆ తర్వాతా నడిచింది. కాంట్రాక్టు కార్మికుడు పని ఆపితే పోయేది ముందు అతని గేట్ పాసే.

ఈ కాలంలోనే కులం మీద నడిచిన ఉద్యమాలు ఇంకో దారి చూపించాయి. యూరప్‌లో 1970ల తర్వాత వచ్చిన మార్పును అక్కడి పండితులు ‘కొత్త సామాజిక ఉద్యమాలు’ అన్నారు. కూడు, కూలి గొడవలు వెనక్కి పోయి గుర్తింపు, పర్యావరణం ముందుకొచ్చాయని వారి లెక్క. మన విశ్వవిద్యాలయాల్లో కూడా ఈ మాట బాగా వాడుకలో ఉంది గానీ, ఇక్కడి దేనికీ అది సరిగ్గా అతకదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మందకృష్ణ నాయకత్వంలో పుట్టిన మాదిగ దండోరా పేరు చివర కులాన్ని గర్వంగా తగిలించుకోమంది. అది గుర్తింపే. అదే నోటితో ఎస్సీ రిజర్వేషన్లలో ఎవరికెన్ని ఉద్యోగాలు, ఎన్ని సీట్లు వచ్చాయో లెక్క తీయమంది. అది కూడే. రెండింటినీ విడదీసి చూసే సిద్ధాంతానికి దండోరా కొరుకుడు పడదు.

కోర్టు అనే రంగస్థలం ఎంత పెద్దదైపోయిందో కూడా దండోరా చరిత్రే చెబుతుంది. రామచంద్రరాజు కమిషన్ నివేదిక వచ్చి, 2000లో చట్టమై, నాలుగేళ్లు అమలైన వర్గీకరణను, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఆ కులాల మధ్య విడివిడిగా పంచడాన్ని, 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1 మెజారిటీతో వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. ఈదుముడి నుంచి అక్కడికి దాదాపు 31 ఏళ్లు. ఇంతకాలం నిలవాలంటే ఊరూరా మనుషులుండాలి, దండోరాకు ఉన్నారు. కోర్టు ఈ మధ్యలో తీర్పు చెప్పడంతోనే ఆగలేదు, నడవడానికి అనుమతి కూడా ఇవ్వసాగింది. 2021 నవంబర్‌లో రాజధానిని తరలించొద్దంటూ అమరావతి రైతులు తిరుమలకు పాదయాత్ర చేస్తామంటే పోలీసులు కాదన్నారు, హైకోర్టు సరేనంది. ఆ యాత్రకు రైతులు పెట్టుకున్న పేరు ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’. సచివాలయం వాళ్ల ఊళ్ల మధ్యే ఉన్నా, ఆ పేరులో దానికి చోటు దొరకలేదు.

వీధి కూడా ఇరుకైంది. ముందస్తు అరెస్టు, గృహనిర్బంధం ఇప్పుడు ఎంత మామూలు మాటలంటే, నాయకులు ధర్నా ప్రకటించిన రాత్రే ఇంటి ముందు పోలీసు జీపు ఆగుతుందని అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను 2017లో అప్పటి ప్రభుత్వం ఎత్తేసింది, 2018 నవంబర్‌లో హైకోర్టు మళ్లీ తెరిపించింది. 2021 నవంబర్‌లో వడ్ల కొనుగోలు మీద కేంద్రానికి వ్యతిరేకంగా సాక్షాత్తూ ముఖ్యమంత్రి కేసీఆరే ఆ చౌక్‌లో ధర్నాకు కూర్చున్నారు. ధర్నాకు ఒక చోటంటూ ఉండటం ఎంత అవసరమో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఒకపక్క ఇలా దారులు మూసుకుంటుంటే, ఇంకోపక్క చూపే సాధనం ప్రతి చేతిలోకీ వచ్చింది. ముందు 24 గంటల తెలుగు న్యూస్ ఛానెళ్లు వచ్చాయి. తెలంగాణ ఉద్యమం వాటి కాలంలో నడిచింది. రోడ్ల మీద వంటా వార్పూ, ధూంధాం సభలు, బతుకమ్మలు, ఇవన్నీ కెమెరాకు నిండుగా కనిపించే రూపాలు. అయితే వాటి వెనుక 2009 డిసెంబర్‌లో ప్రొఫెసర్ కోదండరాం కన్వీనర్‌గా ఏర్పడ్డ జేఏసీ (ఉమ్మడి కార్యాచరణ సమితి), దాని కింద లాయర్ల, డాక్టర్ల, ఉద్యోగుల, కులసంఘాల జేఏసీలు ఉన్నాయి. తర్వాత 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైపోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి, 2017 జనవరిలో, చెన్నై మెరీనా బీచ్‌లో జల్లికట్టు కోసం నాయకుడంటూ లేని లక్షల జనం చేరారు, రోజుల వ్యవధిలో ఆర్డినెన్స్ వచ్చింది. అది చూసి మనవాళ్లు జనవరి 26న ప్రత్యేక హోదా కోసం విశాఖ ఆర్కే బీచ్‌కు రమ్మని సోషల్ మీడియాలో పిలుపిచ్చారు. పిలుపు బాగానే పాకింది. కానీ జనం కంటే ముందు పోలీసులు బీచ్ నిండారు. ప్రతిపక్ష నాయకుడిని విమానాశ్రయంలోనే ఆపేశారు. చెన్నైలో రాష్ట్ర ప్రభుత్వం లోలోపల ఉద్యమకారుల వైపే ఉంది, ఇక్కడ ఎదురుగా ఉంది. ఫోన్ తెచ్చే జనానికి ముందు చేరడానికి చోటు కావాలి. అది దొరకనప్పుడు రెండో రోజుకు ఏం చేయాలో చెప్పే సంఘమైనా కావాలి.

చూపే బలం నిండుగా గెలిచిన సందర్భం కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాలను ఐటీ పార్కు కోసం వేలం వేయాలని తెలంగాణ ప్రభుత్వం తలపెట్టింది. 2003లో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, తర్వాత రద్దు చేసిన భూమి అది. 2024లో కోర్టుల్లో ప్రభుత్వమే నెగ్గింది కాబట్టి కాగితాల ప్రకారం తనకు అడ్డు లేదనుకుంది. 2025 మార్చి 30న, ఉగాది సెలవుల్లో, జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్లారు. ఇంతవరకూ పాత కథే. ఆ రాత్రుల్లో చెట్లు కూలుతుంటే నెమళ్లు అరిచిన వీడియో ఫోన్లలోకి వచ్చాక కథ మారింది. విశ్వవిద్యాలయం గేటు ఏనాడూ తొక్కని ఐటీ ఉద్యోగులు, గృహిణులు, సినిమావాళ్లు దాన్ని పంచుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పనులు ఆపేయమంది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునైపోయాయి.

నాలుగైదు రోజుల్లో వేలకోట్ల వేలం ఆగిందంటే చిన్న విషయం కాదు. కానీ ఆ గెలుపు ఎటు ఒరిగిందో కూడా చూడాలి. విద్యార్థులు మొదట్నుంచీ అడిగింది ఆ భూమిని విశ్వవిద్యాలయం పేరిట రిజిస్టర్ చేయమని. నెమలిని వీడియో తీయొచ్చు, జింకను తీయొచ్చు. భూమి హక్కు తగాదాను ఎవరు ఎలా తీస్తారు? దాంతో వారం తిరిగేలోపు గొడవ అడవి గొడవైంది. కోర్టులో కూడా ప్రధానంగా చెట్లు, జంతువుల చుట్టూనే వాదనలు నడిచాయి. భూమి ఎవరిదన్న ప్రశ్న పక్కకు జరిగింది. చూపే బలంతో వచ్చే తిరకాసు ఇది. కెమెరాకు చిక్కే సగమే ముందుకు పోతుంది, చిక్కని సగం కాగితాల్లో ఉండిపోతుంది. కౌలు రైతు గోడు ఎందుకు ఉద్యమం కాలేకపోతోందో ఇక్కడ అర్థమవుతుంది. అతని పేరు పాసు పుస్తకంలో లేదు, కౌలు ఒప్పందం నోటిమాట. చూపించడానికి ఏముంది?

రెండో తిరకాసు బొమ్మల నిజం. కంచ గచ్చిబౌలి రోజుల్లోనే బుల్డోజర్ల ముందు పారిపోతున్న జింకలు, నెమళ్లంటూ ఏఐతో చేసిన బొమ్మలు కూడా తిరిగాయి. ప్రభుత్వం వాటినే పట్టుకుంది. అంతా నకిలీ ప్రచారమంటూ కేసులు పెట్టింది, అలాంటి బొమ్మను పంచుకున్న ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి సైతం నోటీసు వెళ్లింది. నిజంగా తీసిన వీడియోలకు కొదవ లేదు, అయినా నకిలీ బొమ్మ ఒక్కటి దొరికితే అసలు వాటి మీదా అనుమానం చల్లొచ్చు. వేలంపాట ఆగిందా లేదా అన్నదాని మీద 1992లో ఎవరికీ సందేహం రాలేదు. చూపడం మీద ఆధారపడిన ఉద్యమం ముందు తాను చూపేది నిజమని రుజువు చేసుకోవాలి.

రెండు బలాలనూ కలిపి వాడిన ఉద్యమం ఈ మధ్యకాలంలో ఢిల్లీ సరిహద్దుల రైతు ఉద్యమమే. కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలకు వ్యతిరేకంగా 2020 నవంబర్ నుంచి సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌లలో ట్రాక్టర్లతో జాతీయ రహదారులను ఆపారు. పెద్ద మీడియా తమ మాట చెప్పడం లేదని సొంతంగా ‘ట్రాలీ టైమ్స్’ పత్రిక వేసుకున్నారు, సోషల్ మీడియాలో సొంత పేజీలు నడిపారు. వీటన్నిటి వెనుక పంజాబ్ ఊళ్లలో దశాబ్దాలుగా పనిచేస్తున్న రైతు సంఘాలున్నాయి. అందుకే కేంద్రం చర్చలకు పిలిస్తే ఎవరు వెళ్లాలన్న గందరగోళం రాలేదు. 11 విడతలు కూర్చున్నారు, ఒప్పుకోకుండా లేచారు, మళ్లీ టెంట్లకు వెళ్లారు. ఏడాది నిలిచాక 2021 నవంబర్ 19న మూడు చట్టాల రద్దు ప్రకటన వచ్చింది. మన రైతులు కూడా మద్దతుగా ర్యాలీలు తీశారు గానీ, ఇక్కడ అలాంటిది ఎందుకు రాలేదంటే జవాబు చాలావరకు మండీలోనే, అంటే పంట అమ్ముకునే మార్కెట్ యార్డులోనే ఉంది. పంజాబ్‌లో గోధుమ, వరి దాదాపు మొత్తం ప్రభుత్వ మద్దతు ధరకు మండీలోనే అమ్ముడవుతాయి. అది పోతుందన్న భయం ప్రతి ఇంటిదీ. పత్తి, మిర్చి అమ్ముకునే తెలుగు రైతుకు పోగొట్టుకోవడానికి అలాంటి మండీ ఎప్పుడూ లేదు.

అయితే ఆపే బలం పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటు. అది చేతులు మారింది. పాతకాలపు సంఘటిత కార్మికుల దగ్గర తగ్గింది. ప్రభుత్వం ఉద్యోగులుగా గుర్తించడానికే ఇష్టపడని అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, పారిశుధ్య కార్మికుల దగ్గర పెరిగింది. వాళ్ల చోట తాత్కాలిక మనుషులను తేవడం బస్సు డ్రైవరును తెచ్చినంత సులువు కాదు. ఊళ్లో ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డ బరువు తగ్గిందో తెలిసింది వాళ్లకే. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షమంది అంగన్‌వాడీ సిబ్బంది సమ్మెకు దిగారు. టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 వచ్చే రోజులవి, అదీ జీతం పేరుతో కాదు, గౌరవ వేతనం పేరుతో. వాట్సాప్ గ్రూపుల్లో కబురు నడిచింది, టెంట్లలో పాటలు పాడారు, ఆ వీడియోలూ బాగానే తిరిగాయి. కానీ ప్రభుత్వాన్ని కదిలించింది తాళం వేసిన కేంద్రాలు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో తాళాలు పగలగొట్టించి తెరిపించే ప్రయత్నాలు జరిగాయి. 2024 జనవరి 6న ప్రభుత్వం అంగన్‌వాడీలను అత్యవసర సేవల కిందికి తెచ్చి, అలాంటి సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. సమ్మె 42 రోజులు నడిచి, చర్చల తర్వాత ముగిసింది. జీతం ఇవ్వాల్సిన ఉద్యోగులు కారన్న మాట, పని ఆపడానికి వీల్లేని ఉద్యోగులన్న మాట ఒకే ప్రభుత్వం నోటి నుంచి వచ్చాయి. ఆ తర్వాత గ్రాట్యుటీ, పెన్షన్ల గురించి అడిగేటప్పుడు అంగన్‌వాడీ సంఘాలకు ఆ ఎస్మా ఉత్తర్వే మంచి వాదనగా పనికొచ్చింది.